సన్మానం సరే, సోమవారం క్లాసు ఎవరు తీసుకుంటారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీలో ఏడాదికి మూడు నాలుగుసార్లు ఒకే రకం వార్త వస్తుంది. ఫలానా ఆచార్యులకు కేంద్రంలో పదవి, ఢిల్లీ నుంచి పిలుపు, సహోద్యోగుల అభినందనలు. ఫొటోలో ఆయన మెడలో దండ, భుజాన శాలువా, పక్కన బొకేలు పట్టుకుని ఓ పదిమంది. మనవాళ్లు అంత దూరం వెళ్లారని చదవగానే నాకూ సంతోషమే. కానీ ఆ ఫొటో చూసినప్పుడల్లా నా కళ్లు ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల కోసం వెతుకుతాయి. వాళ్లు అందులో ఉండరు. ఆ టైముకి వాళ్లు డిపార్ట్‌మెంట్ ఆఫీసులో క్లర్కుగారి బల్ల ముందు నిలబడి, ఇక మా ఫారాల మీద సంతకం ఎవరు పెడతారండీ అని అడుగుతూ ఉంటారు. నేనూ అలా నిలబడ్డదాన్నే కాబట్టి చెబుతున్నాను.

నేను విశాఖలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను, ఉండేది ఎంవీపీ కాలనీలో. పీహెచ్‌డీ మాత్రం వేరే జిల్లాలో చేశాను. ఆ యూనివర్సిటీ పేరు రాయను, రాసి సాధించేదీ లేదు, ఇది ఎక్కడైనా జరిగేదే. పదిహేనేళ్ల కిందటి మాట. చేరిన రెండో ఏడాదిలో మా గైడ్‌గారిని కేంద్రం ఒక కమిటీలో సభ్యుడిగా వేసింది, మూడేళ్లకి. మేం ఐదుగురం స్కాలర్లం. తలా కొంత వేసుకుని శాలువా కొన్నాం, గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాం, సార్ ఫొటో పక్కన పార్లమెంటు భవనం బొమ్మ కూడా వేయించాం, ఆ కమిటీకీ పార్లమెంటుకీ ఏ సంబంధమూ లేకపోయినా. సార్ వెళ్లిపోయారు. మధ్యలో పొడిగించడంతో మూడేళ్లు కాస్తా ఐదేళ్లయ్యాయి. ఆ ఫ్లెక్సీ మాత్రం ఎండకి వెలిసిపోయి, సార్ మొహమేదో పార్లమెంటేదో తెలీకుండా అయ్యేదాకా అక్కడే వేలాడింది.

నాకు జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, వచ్చేది. ఆ డబ్బులు రావాలంటే ఫారం మీద గైడ్ సంతకం, హెడ్ సంతకం రెండూ ఉండాలి. హెడ్‌గారు తనది పెట్టేవారు, గైడ్ చోట కూడా మీరే పెట్టండి సార్ అంటే ‘నేను నీ గైడ్‌ని కాదు కదమ్మా’ అనేవారు. నిజమే మరి, ఆయనకి అప్పటికే తన స్కాలర్లు నిండా ఉన్నారు, రేపు ఆడిట్‌వాళ్లు అడిగితే ఆయన మెడకే చుట్టుకుంటుంది. నాలుగు నెలలు డబ్బులు ఆగిపోయాయి. మెస్ బిల్లు పేరుకుపోయింది. చివరికి ఇంటికొచ్చి, అమ్మ దగ్గర డబ్బులు తీసుకుని, విశాఖలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి నిజాముద్దీన్‌లో దిగాను. సంచిలో రెండు చాప్టర్లు, ఫారాల కట్ట, సార్ వాళ్లింటికి అమ్మ ఇచ్చిన మాగాయ సీసా. ఆఫీసు గేటు దగ్గర పాస్ లేనిదే లోపలికి పంపం అన్నారు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నారన్నారు. సాయంత్రం ఐదున్నరకి సార్ బయటికొచ్చి నన్ను చూసి నిర్ఘాంతపోయారు. ‘ఏమ్మా, సంతకం కోసం ఇంత దూరం వచ్చావా, పోస్టులో పంపకపోయావా’ అన్నారు. పోస్టులో పంపినవి మీ బల్ల మీదే ఎక్కడో ఉన్నాయి సార్ అనలేక ఊరుకున్నాను. క్యాంటీన్‌లో టీ ఇప్పించి, నిలబడే సంతకాలు చేసి, చాప్టర్లు తన దగ్గర ఉంచుకున్నారు. అవి ఏడు నెలలకి తిరిగొచ్చాయి, మొదటి ఇరవై పేజీల దాకా ఎర్ర పెన్నుతో దిద్ది ఉన్నాయి, ఆ తర్వాత ఏమీ లేదు.

ఆయన చెడ్డవారేం కారు. నాకు తెలిసిన మంచి మాస్టార్లలో ఒకరు. అక్కడ ఆయన పనీ చిన్నదేం కాదు. నా గోల అది కాదు. ఒక మనిషిని రెండు ఊళ్లలో ఒకేసారి ఉన్నట్టు కాగితం మీద చూపించి, ఆయన లేని ఊళ్లో ఆయన పని ఎవరికీ అప్పగించకుండా వదిలేసే పద్ధతి మీద నా గోల.

క్లాసుల సంగతీ అంతే. సార్ చెప్పే ఎకనామెట్రిక్స్ పేపరు ఎంఏ పిల్లలకి గెస్ట్ ఫ్యాకల్టీ చేత చెప్పించారు. ఆయన మూడు చోట్ల చెప్పేవారు, బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చి, చాక్‌పీసు వాళ్లనీ వీళ్లనీ అడిగి తీసుకుని, చక్కగా చెప్పేవారు. పిల్లలకి నచ్చారు కూడా. సెమిస్టర్ సగంలో ఒక కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో నెలజీతం ఉద్యోగం దొరికితే వెళ్లిపోయారు, పెళ్లాం పిల్లలు ఉన్నవాడు వెళ్లక ఏం చేస్తాడు. మిగతా సగం సిలబస్ ఎవరూ చెప్పలేదు. పరీక్ష మాత్రం సిలబస్ మొత్తం మీద పెట్టారు.

బయటివాళ్లకి తెలియని మాట ఒకటి ఇక్కడ చెప్పాలి, లీన్. ప్రొఫెసర్ గారు ప్రభుత్వ పదవికి వెళ్లినా యూనివర్సిటీలో ఆయన పోస్టు మీద హక్కు పోదు, తిరిగొచ్చి అందులోనే చేరవచ్చు. అది లేకపోతే ఎవరూ వెళ్లరు, కాబట్టి లీన్ ఉండాల్సిందే. కానీ ఆయన తిరిగి వస్తారు కాబట్టి ఆ పోస్టులో పర్మినెంటుగా ఎవర్నీ వేయలేరు. ఆయన జీతం అక్కడ ఇస్తున్నారు కాబట్టి ఇక్కడ ఆ డబ్బు మిగులుతుంది, దానితో మూడేళ్లకి ఒక మంచి మనిషిని తీసుకోవచ్చు కదా అంటే దానికి మంజూరు కావాలి, ఫైలు కదలాలి, అది కదిలేలోపు సార్ తిరిగొస్తారు. ఆంధ్రలో రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాలు లేక ఏళ్లు గడిచిపోతున్న సంగతి మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. పదిమంది ఉండాల్సిన చోట నలుగురున్న డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరు వెళ్తే నాలుగో వంతు ఖాళీ అయినట్టు. యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కి 1,500 రూపాయలు, నెలకి 50,000 మించకుండా ఇవ్వమంది. ఆ 50,000 నిజంగా చేతికందుకున్న గెస్ట్ లెక్చరర్ మీకెవరైనా కనిపిస్తే దయచేసి ఆయన ఫొటో కూడా వేయండి.

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఎనిమిది మంది దాకా స్కాలర్లను తీసుకోవచ్చు, అసోసియేట్ అయితే ఆరుగురు, అసిస్టెంట్ అయితే నలుగురు. అదే నిబంధనల్లో ఆరేళ్లలో పూర్తి చేయాలని గడువు, తిరిగి రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకి మరో రెండేళ్ల వెసులుబాటు. గైడ్ ఢిల్లీలో ఉన్నా గడియారం ఆగదు. మా ఐదుగురిలో ఇద్దరు మధ్యలోనే మానేశారు. ఒకతను బ్యాంకు పరీక్ష రాసి వెళ్లిపోయాడు, ఒకమ్మాయికి పెళ్లయింది, థీసిస్ మూడొంతులు రాసి ఉంది. ఆ అమ్మాయి పేరు ఏ లెక్కలోనూ కనపడదు.

అమెరికాలో వాళ్లు ఫెడరల్ ప్రభుత్వం అంటారు, మనం కేంద్రం అంటాం. అక్కడ ఈ రాకపోకలు మనకంటే చాలా ఎక్కువ, అధ్యక్షుడు మారితే సుమారు 4,000 పదవులు మారతాయి, వాటిలో కొన్నిటికి యూనివర్సిటీల నుంచే మనుషుల్ని తీసుకెళ్తారు. 1961లో కెనెడీ వచ్చీరాగానే హార్వర్డ్ మీద పడ్డారు. అక్కడ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ డీన్‌గా ఉన్న మెక్‌జార్జ్ బండీని జాతీయ భద్రతా సలహాదారుగా పట్టుకుపోతే, యూనివర్సిటీ ప్రెసిడెంట్ నేథన్ ప్యూసీ కొన్నాళ్లు ఆ డీన్ పని కూడా తానే చూసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది అదే హార్వర్డ్ నుంచి గాల్‌బ్రెయిత్ మన ఢిల్లీకే రాయబారిగా వచ్చి, 1963లో తిరిగి వెళ్లి పాఠాలు చెప్పుకున్నారు.

అయితే వాళ్ల దగ్గర ఒక కచ్చితమైన లెక్క ఉంది. హార్వర్డ్‌లో సెలవు రెండేళ్లే. 1969 జనవరిలో నిక్సన్ దగ్గరికి వెళ్లిన కిసింజర్‌కి 1971 జనవరితో రెండేళ్లు నిండాయి, రావాలా ఉండాలా తేల్చుకోమన్నారు, ఆయన వైట్‌హౌస్‌లోనే ఉండిపోయి ప్రొఫెసర్ పదవికి రాజీనామా ఇచ్చారు. అంత పెద్ద మనిషైనా సరే. ప్రిన్స్‌టన్‌లో ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఉన్న బెన్ బెర్నాంకీ 2002లో అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వుకి వెళ్లి, 2005లో ప్రిన్స్‌టన్ ఉద్యోగం వదులుకున్నారు. మనవాళ్ల విషయంలోనూ చూశాం. నీతి ఆయోగ్ ఉపాధ్యక్షుడిగా ఉన్న అరవింద్ పనగడియా 2017 ఆగస్టులో ఎందుకు వదిలేసి వెళ్లారు? కొలంబియా యూనివర్సిటీ సెలవు పొడిగించనంది. మన ప్రభుత్వంలో కేబినెట్ హోదా ఉన్న మనిషిని న్యూయార్క్‌లో ఒక యూనివర్సిటీ ‘క్లాసులు మొదలవుతున్నాయి, వస్తున్నారా లేదా’ అన్నట్టు పిలిపించుకుంది. అప్పట్లో చాలామంది దాన్ని మనకేదో అవమానంలా మాట్లాడుకున్నారు. నాకు మాత్రం అసూయ వేసింది. మా యూనివర్సిటీ మా సార్‌ని అలా ఒక్కసారి అడిగి ఉంటే ఎంత బాగుండేది.

అక్కడా అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు. నోబెల్ వచ్చిన స్టీవెన్ చూ 2009లో బర్క్‌లీ నుంచి ఒబామా ప్రభుత్వంలో ఇంధన మంత్రిగా వెళ్లారు, 2013లో దిగిపోయాక బర్క్‌లీకి రాలేదు, తన పాత చోటైన స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లిపోయారు. తీసుకెళ్లింది ప్రభుత్వం, పోగొట్టుకున్నది బర్క్‌లీ. ఒక్కోసారి యూనివర్సిటీ పెద్దనే ఎత్తుకుపోతారు, 1993లో క్లింటన్ ఆరోగ్య శాఖకి తీసుకున్న డోనా షలాలా అప్పటికి విస్కాన్సిన్ యూనివర్సిటీకి ఛాన్సలర్, అక్కడ ఛాన్సలర్ అంటే మన వీసీ (వైస్ ఛాన్సలర్) లాంటివారు.

మన ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) చరిత్ర తిరగేసినా ఇవే రాకపోకలు. బ్రిటిష్ ప్రభుత్వం దమనకాండకి నిరసనగా 1930లో వీసీ పదవి వదులుకున్న కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆ తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, 1936లో ఆయన వెళ్లాక మళ్లీ రెడ్డిగారే. రాధాకృష్ణన్ గారి లీన్ సంగతి వింటే నవ్వొస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ఆచార్య పదవి 1936 నుంచి 1952 దాకా ఆయన పేరు మీదే ఉంది, ఆ మధ్యలోనే తొమ్మిదేళ్లు కాశీ హిందూ విశ్వవిద్యాలయం వీసీ, చివరి మూడేళ్లు మాస్కోలో మన రాయబారి. ఇప్పుడెవరైనా అలా చేస్తే విజిలెన్స్ ఎంక్వైరీ వేస్తారు! ఏయూ ఫిజిక్సుకి పేరు తెచ్చిన సూరి భగవంతం గారు 1948లో ప్రభుత్వం తరఫున లండన్‌కి సైంటిఫిక్ లైజన్ అధికారిగా వెళ్లారు. ఆ తర్వాత ఉస్మానియా వీసీ, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. దేశానికి ఎంత లాభమో లెక్కగట్టలేం. వాల్తేరులో ఆయన దగ్గర చదవాల్సినవాళ్లకి ఏం తగ్గిందో కూడా ఎవరూ లెక్కగట్టలేదు. పన్నెండేళ్లు వీసీగా చేసి 1961లో యూజీసీ ఛైర్మన్‌గా వెళ్లిన వి.ఎస్.కృష్ణ గారు ఆ ఏడాదే కన్నుమూశారు, ఏయూ లైబ్రరీకి ఉన్నది ఆయన పేరే. అందులో కూర్చుని చదివే పిల్లల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసో మరి.

‘మనవాడు ఢిల్లీలో ఉంటే మనకి గ్రాంట్లు వస్తాయి కదా’ అని మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన ఎప్పుడూ అంటారు. ఆ ఆశతోనే డిపార్ట్‌మెంట్లు ఎన్నేళ్లయినా నోరు మూసుకుని ఉంటాయని నా అనుమానం. అసలు అలా రావడమే తప్పు కదా. అమెరికాలో సెలవు మీద వచ్చిన ప్రొఫెసర్, రేపు తను తిరిగి వెళ్లబోయే యూనివర్సిటీకి డబ్బు లాభం ఉండే ఫైలు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే క్రిమినల్ కేసే. మా సార్ కూడా ఆ ఐదేళ్లలో మా డిపార్ట్‌మెంట్‌కి పైసా తేలేదు. అది ఆయన నిజాయితీ, నేను గర్వంగానే చెబుతాను. కాబట్టి గ్రాంట్ల లెక్క చెప్పి ఖాళీ కుర్చీని సమర్థించకండి.

లాభం వేరే చోట ఉంది. సార్ తిరిగొచ్చాక పబ్లిక్ ఫైనాన్స్ పేపరు చెప్పారు. నేను అప్పటికి థీసిస్ చివర్లో ఉన్నాను, ఆ క్లాసులకి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. బడ్జెట్ ముందు మంత్రిత్వ శాఖలు అంకెలు ఎందుకు పెంచి పంపుతాయి, ఆర్థిక శాఖ వాటిని ఎలా కోస్తుంది, మార్చి నెలలో ఖర్చు ఒక్కసారిగా ఎందుకు పెరుగుతుంది, ఒక కమిటీ నివేదికలో ‘పరిశీలించవచ్చు’ అని రాస్తే అర్థం ఏమిటి, ‘పరిశీలించాలి’ అని రాస్తే ఏమిటి, ఇవన్నీ కథల్లా చెప్పేవారు. ఏ పుస్తకంలోనూ అలా ఉండదు. ఇప్పుడు నేను మా డిగ్రీ పిల్లలకి బడ్జెట్ పాఠం చెప్పేటప్పుడు సగం మాటలు ఆయనవే. కాబట్టి ప్రొఫెసర్లు ఢిల్లీ వెళ్లొద్దని నేననను. వెళ్లాలి, తిరిగి రావాలి. రఘురామ్ రాజన్ రిజర్వు బ్యాంకు గవర్నర్‌గా మూడేళ్లు చేసి 2016లో షికాగో వెళ్లి మళ్లీ క్లాసులో నిలబడ్డారు కదా, అలా.

ఇంకో రకం నియామకాలు ఉన్నాయి, యూనివర్సిటీ నుంచి వెళ్లేవి కాదు, యూనివర్సిటీ నెత్తి మీదకి వచ్చేవి. కేంద్రం పంపే గవర్నరే రాష్ట్ర వర్సిటీలకి ఛాన్సలర్. పక్కనే విజయనగరంలో ఉన్న కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి రాష్ట్రపతి విజిటర్, అంటే అందరికీ పైన ఉండే పెద్ద, వీసీ నియామకం అక్కడి నుంచే జరగాలి. యూజీసీ ఛైర్మన్ ఎవరన్నది కూడా మనకి సంబంధం లేని విషయమేం కాదు. పైన చెప్పిన 2022 పీహెచ్‌డీ నిబంధనలు వచ్చింది ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్, మన తెలుగాయన జగదీశ్ కుమార్ గారు ఆ కుర్చీలో ఉన్నప్పుడే. 2025 జనవరిలో వీసీల ఎంపిక మీద ముసాయిదా వచ్చి, పరిశ్రమల నుంచి, పరిపాలన నుంచి వచ్చినవాళ్లు కూడా వీసీ కావచ్చని, సెర్చ్ కమిటీని ఛాన్సలరే వేస్తారని అంటే కేరళ, తమిళనాడు గొడవ చేసిందీ అప్పుడే. అది పెద్ద సబ్జెక్టు, దాని మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. గైడ్ లేని స్కాలర్ మీద రాసేవాళ్లే లేరు, అందుకే నేను రాస్తున్నాను.

నేను అడిగేది కొంచెమే. ప్రొఫెసర్‌ని రిలీవ్ చేసే ఆర్డరులోనే ఆయన స్కాలర్లలో ఎవరికి ఎవరు కో-గైడ్ అన్నది పేర్లతో రాయాలి, ఆ కో-గైడ్ సంతకం ఫెలోషిప్‌కి చెల్లాలి. ఇప్పుడు ఆన్‌లైన్ మీటింగులు వచ్చాయి కదా అంటారు, వచ్చాయి, కానీ మంత్రిత్వ శాఖలో రోజుకి ఆరు మీటింగులు ఉండే ఆయన రాత్రి పదిన్నరకి నా రిగ్రెషన్ టేబుల్ చూస్తారని ఎలా అనుకోమంటారు. ఇక సైన్సు వాళ్ల ల్యాబ్ సంగతి సరేసరి, కెమికల్స్ కొనే ఇండెంటు మీద కూడా గైడ్ సంతకమే కావాలి. మిగిలిన జీతంతో గడువు మేరకి ఒకర్ని పూర్తి జీతానికి తీసుకోవాలి, గంటల లెక్కన కాదు. గడువు రెండేళ్లో మూడేళ్లో ముందే చెప్పాలి. పొడిగించాలంటే డిపార్ట్‌మెంట్‌ని అడగాలి, ఆ డిపార్ట్‌మెంట్‌కి వద్దనే హక్కు ఉండాలి. ఆ తర్వాత కూడా అక్కడే ఉంటానంటే ఉండనివ్వండి, పోస్టు వదిలేసి ఉండమనండి.

మీ పత్రికకి కూడా ఒక మాట. మా సార్‌కి సన్మానం జరిగిన రోజు మీ విలేకరి వచ్చారు, ఆయన నన్ను ‘మీ గైడ్‌గారికి పదవి వచ్చింది, ఎలా ఫీలవుతున్నారు’ అని అడిగారు, నేను చాలా గర్వంగా ఉందని చెప్పాను, మర్నాడు అది అచ్చయింది కూడా. కటింగ్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఈసారి ఎవరికైనా ఇలాంటి పిలుపు వస్తే ఫొటో వేయండి, దండ వేయండి, కానీ ఆ సాయంత్రమే డిపార్ట్‌మెంట్‌కి ఒక ఫోన్ చేసి, సోమవారం పదింటి క్లాసు ఎవరు తీసుకుంటున్నారో కనుక్కుని ఆ పేరు కూడా కింద ఒక లైనులో వేయండి. పేరు లేకపోతే లేదనే వేయండి.

ఇట్లు,
ఒక ఎకనామిక్స్ టీచర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం